అరికాలి మచ్చ, ఊపిరితిత్తుల నీడ

మదనపల్లె పట్టణమునకు కొలది దూరమున, సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు మించిన ఎత్తున, పొడిగాలియు నిండువెలుతురును సమృద్ధిగా లభించు మెట్టనేలపై 1915లో క్షయరోగులకొరకు ఒక శానిటోరియము వెలసినది. పలు క్రైస్తవ మిషనులు కలిసి నెలకొల్పిన ఆ వైద్యశాలకు డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రీమోట్ మొల్లర్ తొలి అధిపతి. ఆ చోటికి ఆరోగ్యవరమను పేరు నిలిచినది. క్షయను చంపు మందు లోకమున ఇంకను పుట్టని ఆ దినములలో, విశ్రాంతియు పుష్టికరమైన ఆహారమును తెరచిన కిటికీలగుండ వచ్చు గాలియు మాత్రమే చికిత్సగా ఉండగా, దక్షిణదేశపు పలుతావులనుండి రోగులు రైలెక్కి, బండియెక్కి ఆ మెట్టగాలికై వచ్చుచుండిరి. ఇట్టి చరిత్ర గల సీమలో, తెమడలో నెత్తురు జీర కనబడినంతనే ఇంటిలోని అవ్వ మొదలు ఆస్పత్రిలోని వైద్యుని వరకు ఎల్లరి నోటను ఒక్కటే మాట వచ్చుట సహజము: టీబీ. ఆ మాట పెక్కుమారులు నిజమగును గనుకనే అంత త్వరగ నోటికి వచ్చుచున్నది. నిజము కాని ఆ కొలది సందర్భములలో ఒక తెగను గూర్చి ఈ వ్యాసమున విచారింపదలచితిని.

చర్మముపై పుట్టిన అరుదైన కేన్సరు, కోసి తీసివేసిన పిమ్మటనో, ఎవరును దాని మొగము చూడకమునుపేయో, నెలలకో ఏండ్లకో ఊపిరితిత్తులను చేరి అచ్చట కలిగించు ఉపద్రవములే ఇచ్చటి విషయము. కేన్సరును మన పెద్దలు రాచపుండు అనిరి. ఊపిరితిత్తులలో రాచపుండు అనగనే చుట్టయో బీడీయో దానికి మూలమని తలంతుము. కాని ఊపిరితిత్తిలో కనబడిన గడ్డ ఆ ఊపిరితిత్తిలోనే పుట్టవలెనను నియమము లేదు. దాని పుట్టినిల్లు రొమ్ము కావచ్చును, మూత్రపిండము కావచ్చును, అరికాలు కావచ్చును. ఈ కడపటి మాట వినినప్పుడు చదువుకొన్నవారు సైతము ఒక్క క్షణము ఆగుదురు. ఆ ఆగుట యందే ఈ సమస్య అంతయు ఇమిడియున్నదని నా నమ్మకము.

మదనపల్లె చేరువనున్న అంగళ్లు ఊరి మార్కెట్టున టొమేటో ట్రేలను లారీకెక్కించు కూలిమనిషి అరికాలిని ఒకమారు దగ్గరగ చూడుడు. మడమ ఎండిన చెరువు అడుగువలె నెరియలు విచ్చియుండును. ఆ నెరియలలో ఎర్రమట్టి ఎంత కడిగినను పోని గీతలుగ నిలిచియుండును. బొటనవ్రేలి మూలమున ఆనెకాయ, దాని ప్రక్కన తుమ్మముల్లు విరిగిన గుర్తు, చెప్పుల మేకు ఒరసిన కాయ. ఎన్నో వేలమందిలో ఏ ఒక్కరికో ఈ గుర్తుల నడుమ చింతగింజలో సగమంత నల్లమచ్చ ఒకటి చేరును. పుట్టుమచ్చకుండు నున్నని గుండ్రని అంచు దానికి ఉండదు. తడికాగితముపై సిరాచుక్క పడినట్లు ఒకవైపునకు పాకి ఉండును. ఒకచోట కాటుక నలుపు, ఒకచోట బూడిదవన్నె, ఇంకొకచోట లేతగులాబి. కొన్నినాళ్లకు నడుమ చర్మము చిట్లి నీరు కారును. అడిగినచో ఆ మనిషి, "ఎప్పుడో ముల్లు గుచ్చుకునింది సార్, గట్టిపడిపోయిండాది" అనును. అందులో అబద్ధమేమియు లేదు. అతని కాలికి గుచ్చుకొనిన ముళ్లు లెక్కకు మిక్కిలి.

ఆ మచ్చ పేరు మెలనోమా. చర్మమునకు రంగునిచ్చు కణములు కట్టుతప్పి పెరుగుటచే పుట్టు కేన్సరు ఇది. తెల్లని మేనిచాయ గల జాతులలో, అందును ఆస్ట్రేలియా వంటి దేశములలో, ఎండతాకిడివలన ఇది విస్తారముగ కలుగును. మన దేశమున లక్షకు ఏటికి ఒక్కరిని మించి దీని వాత పడరు. మన చర్మపు నలుపు మనకు గొడుగు. ఐనను ఆ గొడుగు పట్టని చోట్లు దేహమున కొన్ని కలవు: అరికాలు, అరచేయి, గోటి అడుగుభాగము. మనవారికి మెలనోమా వచ్చినచో ఈ తావులయందే విశేషముగ వచ్చును. ఈ తావుల మెలనోమాకు ఎండతో సంబంధము లేదు. నిరంతరపు ఒత్తిడియు గాయములును కారణములేమో అను అనుమానము మాత్రము శాస్త్రజ్ఞులకు కలదు. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవ్రేలి గోటిక్రింద 1977లో కనుగొనబడిన మచ్చ ఇట్టిదే. బంతియాటలో తగిలిన దెబ్బ అని మొదట భావింపబడినది. నాలుగేండ్లకు, 1981లో, ఊపిరితిత్తులకును మెదడునకును ప్రాకి, 36వ ఏట అతని ప్రాణము కొనిపోయినది.

మెలనోమా విషయమున వెడల్పుకంటె లోతు ముఖ్యము. అలెగ్జాండర్ బ్రెస్లో అను వైద్యుడు 1970లో ఈ గడ్డల మందమును సూక్ష్మదర్శినిక్రింద మిల్లీమీటర్లలో కొలిచి, ఆ కొలతయే రోగి భవిష్యత్తును తెలుపునని చూపెను. మందము ఒక్క మిల్లీమీటరు దాటకమునుపు కోసి తీసివేసినచో పదిమందిలో తొమ్మండుగురికి పైగా బ్రతికి బట్టకట్టుదురు. నాలుగు మిల్లీమీటర్లు దాటినచో ఆ ధీమా చెదరును. బియ్యపుగింజ పొడవునకు మించని ఈ తేడాపై మనిషి ఆయువు ఆధారపడియున్నదన్నమాట తలచుకొనినప్పుడెల్ల నాకు గుండె ఝల్లుమనును.

ఈ నలుపును ఒక ప్రత్యేక వ్యాధిగ గుర్తించిన ఘనత ఊపిరితిత్తుల వైద్యునకే దక్కినది. లండనులో జాన్ హంటర్ 1787లో ఒకని దవడనుండి ఇట్టి గడ్డను కోసి సీసాలో భద్రపరచెను గాని, అది ఏమియో అతనికి తెలియలేదు. ఆ ముక్కను 1968లో మరల పరీక్షించి మెలనోమా అని నిర్ణయించిరి. పారిస్ నగరమున రెనె లైనెక్ 1804లో చేసిన ప్రసంగమున, పొగమసిచే నల్లబడిన శ్వాసనాళపు గ్రంథులు వేరు, రోగముచే నల్లబడిన గడ్డలు వేరు అని విడదీసి, ఈ రెండవదానికి నలుపు అను అర్థము వచ్చునట్లు పేరుపెట్టెను. 1816లో స్టెతస్కోపును కనిపెట్టినవాడు ఇతడే. రోగుల రొమ్ములకు చెవియొగ్గి క్షయధ్వనులను లోకమునకు నేర్పిన ఆ మహావైద్యుడు 1826లో క్షయచేతనే కన్నుమూసెను. క్షయను, మెలనోమాను ఒక్క మనిషియే ఎరిగి వర్ణించియుండగా, రెండు వందల ఏండ్లు గడచిన పిదపను మన ఆస్పత్రులలో ఆ రెండును ఒకదానికొకటిగ పొరపడబడుచుండుట విచారింపదగిన సంగతి.

అరికాలినుండి ఊపిరితిత్తికి దారి ఏది? గడ్డలోని కణములు చర్మపు అడుగుపొరను చీల్చుకొని దిగి, అచ్చటి శోషరసనాళములలో పడి, మొదట గజ్జలలోని బిళ్లలను చేరును. గజ్జలో బిళ్ల కట్టుట మన పల్లెలలో కాలిపుండునకు తోబుట్టువు వంటిది గనుక దానిని ఎవరును పట్టించుకొనరు. అచ్చటినుండి రొమ్మునడుమ సాగు పెద్దనాళముగుండ మెడవద్ద సిరలో కలిసి, గుండె కుడిభాగమును చేరి, ఆ గుండె నెట్టగ ఊపిరితిత్తులలో పడును. దేహమంతటి చెడునెత్తురును వడగట్టు జల్లెడ ఊపిరితిత్తి. దాని కేశనాళికలు ఎంత సన్ననివనగా ఎర్రకణము సైతము ఒదిగి దూరవలసియుండును. అంతకు రెండింతలు మూడింతలు లావైన కేన్సరు కణము అచ్చట చిక్కుకొనక తప్పదు.

చిక్కుకొనినంత మాత్రమున మొలకెత్తునా? వైద్యశాస్త్రమున ఇది పెద్ద వివాదము. మన ధర్మశాస్త్రములు బీజక్షేత్ర న్యాయమను మాటను ఎరుగును. లండను వైద్యుడు స్టీఫెన్ పేజెట్ ఆ న్యాయమునే తనకు తానుగ కనుగొని, రొమ్ముకేన్సరుచే మరణించిన 735 మంది శవపరీక్షల వివరములను పరిశీలించి, కేన్సరు కణములు విత్తనములవలె అన్ని దిక్కులకు ఎగిరిపోవును గాని తమకు తగిన నేలపై పడినప్పుడే మొలచునని 1889లో ప్రకటించెను. అమెరికా దేశీయుడైన జేమ్స్ యూయింగ్ దీనిని ఒప్పుకొనక, నెత్తురు ఎటు పారునో కణములు అటు పోవును, మొదట ఎచ్చట ఆగునో అచ్చట పెరుగును, ఇందు నేల ప్రసక్తి లేదని వాదించెను. ఇరువురి వాదమును పరీక్షకు నిలిపినవాడు ఐజయా ఫిడ్లర్. అతడు మెలనోమా కణములకు గుర్తుపెట్టి ఎలుకల నెత్తుటిలోనికి ఎక్కించి చూడగా, ఒక్క దినము గడచుసరికి నూటికి ఒక్కటి సైతము ప్రాణముతో మిగలలేదని 1970లో తేలినది. గడ్డగ మారినవి వేయింట ఒకటి మాత్రమే. పదేండ్ల పిమ్మట హార్ట్ అను సహచరునితో కలిసి అతడు చేసిన ప్రయోగము ఇంకను ముచ్చటైనది: ఎలుక తొడకండలో ఊపిరితిత్తి ముక్కను ఒకదానిని, మూత్రపిండపు ముక్కను ఒకదానిని అంటుకట్టి, మెలనోమా కణములను నెత్తుటిలోనికి వదలిరి. తొడలోని ఊపిరితిత్తి ముక్కయందు గడ్డ మొలచినది. మూత్రపిండపు ముక్కయందు మొలవలేదు. నెత్తురు పారిన తావు ఒక్కటే, మొలచుట మాత్రము వేరు. టొమేటోనారు ఒక్క నర్సరీనుండి తెచ్చి రెండు మడులలో నాటి, ఒకటి పచ్చగ నిలిచి ఒకటి వాడిపోవుటను ఏటేట చూచు కురబలకోట రైతునకు ఈ సంగతి ఎవరును బోధింపనక్కరలేదు. యూయింగ్ మాటయందును సత్యము కలదు. పారిన నీటిని బట్టియే కదా మొదట విత్తు చేరుట. ఐనను, ఊపిరితిత్తి మెలనోమాకు దారిలోని మజిలీ మాత్రమే కాదు, ఆ విత్తునకు నచ్చిన నేల యని ఒప్పుకొనవలసియున్నది. ఈ వ్యాధిచే మరణించినవారి శవపరీక్షలలో సగమునకు మించినవారి ఊపిరితిత్తులలో గడ్డలు కనబడుట ఇందుకు సాక్ష్యము.

ఉపద్రవములలో మొదటిది అసలు ఉపద్రవముగ తోచదు. ఊపిరితిత్తి మెత్తని భాగమునకు నొప్పి తెలియదు; గడ్డలు గోలీలంత, నిమ్మకాయలంత పెరిగినను మనిషి తన పని తాను చేసికొనుచునే ఉండును. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురునకు ఎత్తిపట్టినచో, క్రిందిభాగములలో అంచులకు చేరువగ, చెక్కినట్లు గుండ్రముగ, చిన్నవియు పెద్దవియు కలిసి తెల్లని బిళ్లలు కనబడును. కొందరిలో అవి చామగింజలు చల్లినట్లు సన్నగ ఊపిరితిత్తులంతట నిండును. ఇట్లే సన్నని నీడలు నింపు మిలియరీ టీబీకిని దీనికిని కంటితో చూచి తేడా చెప్పుట పండితులకును కష్టము.

గడ్డ శ్వాసనాళము లోపలనే పెరిగినచో కథ వేరు. ఒక ప్రక్కననే పిల్లికూత వినబడును. ఉబ్బసమని మందు పీల్పింతురు. నాళము సగము మూసికొనినచో వెనుక భాగమున కఫము నిలిచి నెమ్ము చేయును. మందులకు తగ్గును, మరల అదే తావున వచ్చును. ఒకే చోట రెండుమారులు నెమ్ము చేసినచో ఆ నాళపు ద్వారమున ఏమున్నదో చూడవలెనను సూత్రము ప్రతి వైద్యవిద్యార్థియు చదివినదే. మూడవమారు చేసిన పిమ్మట గుర్తునకు తెచ్చుకొనుట మానవస్వభావము. పూర్తిగ మూసికొనినచో ఆ ముక్క గాలిలేక ముడుచుకొనిపోవును. అత్యంత అరుదుగ, గడ్డలోని నల్లని పదార్థము కఫమున కలిసి, కాటుకనీళ్లవంటి తెమడ పడును.

ఊపిరితిత్తిని కప్పు పొరలమీదికి వ్యాధి పాకినప్పుడు ఆ పొరల నడుమ నీరు చేరును. అప్పుడే డొక్కలో పోటు, ఒక ప్రక్కకు పరుండలేకపోవుట, నాలుగు మెట్లెక్కిన ఎగశ్వాస. సూదితో లీటరు నీరు తీసినచో ఆ సాయంకాలము హాయిగ నిద్రపట్టును. పదిదినములకు మరల నిండును. పొరల నడుమ టాల్కు పొడిని చల్లి రెంటిని అతికించు పద్ధతి అందులకే. ఇంకొక విధము శోషరసనాళములవెంట సన్నని వేళ్లవలె పాకుట: స్టెతస్కోపునకు ఊపిరి శుభ్రముగ వినబడును, మనిషి మాత్రము పొడిదగ్గుతో, మాట పూర్తి చేయలేని ఆయాసముతో కొట్టుకొనును. వినబడుదానికిని కనబడుదానికిని పొంతన కుదరని ఈ స్థితియే వైద్యుని అన్నిటికంటె కలవరపెట్టునది. కేన్సరు నెత్తుటిని త్వరగ గడ్డకట్టించును గనుక, పిక్క వాచి, ఆ నెత్తుటిగడ్డ ఎగిరి ఊపిరితిత్తి ధమనిని మూయుటయు కలదు. ఇది నిమిషములలో ప్రాణము తీయగలదు.

మెలనోమాను విడిచి దానికంటెను అరుదైన యాంజియోసార్కోమా అను చర్మకేన్సరును తీసికొందము. ఇది నెత్తురునాళముల లోపలి గోడనుండి పుట్టునది. ముసలివారి తలపై, వెండ్రుకల నడుమ, దెబ్బతగిలి కమిలినట్లు ఊదారంగు మరకగ మొదలగును. గుమ్మము తగిలినదేమో అనుకొందురు. ఆ కమురు తగ్గదు, ప్రాకును, తాకిన నెత్తురు చిమ్మును. ఏండ్లతరబడి వాచియుండు చేయియో కాలో దీనికి మరియొక తావు: రొమ్ముకేన్సరుకై శస్త్రచికిత్స చేయించుకొని చేయి వాచిన స్త్రీలలో దీనిని స్టీవర్ట్, ట్రీవ్స్ అను ఇరువురు 1948లో వర్ణించిరి, బోదకాలుగల వారిలోను ఇది కలుగుట అరుదుగ కనబడినది. ఈ వ్యాధికి ఊపిరితిత్తులపై మక్కువ అధికము. ఊపిరితిత్తిలో అది కట్టు గడ్డలు కొన్ని లోపల బోలుగ, ఉల్లిపొరవంటి గోడతో, నీటిబుడగలవలె ఉండును. చుట్టును నెత్తురు చెమర్చుటచే స్కానింగులో మంచుతెర కప్పినట్లు కనబడును. ఆ బుడగ పగిలినచో గాలి రొమ్ములోనికి తప్పించుకొని ఊపిరితిత్తిని నొక్కివేయును. దీనినే న్యూమోథొరాక్స్ అందురు. నిన్నటి వరకు నడిచిన మనిషి తెల్లవారుజామున ఒక్క దగ్గుతో డొక్కపట్టుకొని కూలబడును. ఒక ప్రక్క నయమైన వారమునకే రెండవ ప్రక్క పగులుట కలదు. మందు పనిచేసి గడ్డ కరిగినప్పుడు సైతము ఆ కరిగిన తావుననే గోడ తెగి గాలి వెడలుట కలదు.

అప్పుడు ప్రక్కటెముకల నడుమ గొట్టము దూర్చి, దాని రెండవ కొనను మంచముక్రింది సీసాలో నీటిమట్టమునకు రెండు సెంటీమీటర్ల అడుగున ఉంచుదురు. రోగి ఊపిరి పీల్చినప్పుడు గొట్టములోని నీరు పైకెగయును, వదలినప్పుడు దిగును; దగ్గినప్పుడు బుడబుడమని బుడగలు లేచును. ప్రక్కన కూర్చున్న భార్య ఆ సీసానే చూచుచుండును. బుడగలు తగ్గినవా యని నర్సమ్మను అడుగును. రాత్రి తాను మేలుకొనినప్పుడెల్ల వంగి చూచును. ఆ గొట్టము ఊడకుండ, సీసా ఒరగకుండ కాపాడుటయే ఆమె చేయగల సేవ. ఆరోగ్యవరమువంటి శానిటోరియములలో ఒకప్పుడు సూదితో కావలెననియే రొమ్ములోనికి గాలిని ఎక్కించి, క్షయ పుండుపడిన ఊపిరితిత్తికి విశ్రాంతినిచ్చుటకై దానిని ముడిచెడివారు. ఇటలీ వైద్యుడు ఫోర్లనీని చూపిన ఆ పద్ధతి మందులు వచ్చువరకు ఎందరినో నిలబెట్టినది. కొలిచి ఎక్కించిన గాలి వేరు, తానై చొరబడిన గాలి వేరు.

తక్కిన చర్మకేన్సర్లను గూర్చి రెండు మాటలు చాలును. కాలినమచ్చలపైనను, కుష్ఠురోగుల స్పర్శలేని కాళ్ల మానని పుండ్లపైనను పుట్టు పొలుసుకణపు కేన్సరు ముదిరినచో ఊపిరితిత్తులకు పోవును. ముసలివారి మొగముపై ఎర్రని బుడిపెగ వచ్చి వారములలో పెరుగు మెర్కెల్ కణపు కేన్సరును ప్రాకును. వీని ఉపద్రవములు పైని చెప్పినవానికంటె భిన్నములు కావు.

ఇక క్షయతో కలుగు పొరపాటు. నెత్తుటి తెమడ, బరువు తగ్గుట, సాయంకాలపు నలత, ఎక్స్‌రేలో నీడ: ఈ నాలుగును రెండు వ్యాధులకు సమానములు. తెమడ పరీక్షలో క్రిములు కనబడకున్నను టీబీ లేదని చెప్పరాదు గనుక, మందులు మొదలుపెట్టి చూచుట చిరకాలముగ నడచిన ఆచారము; టీబీ మందుల కాలము ఆరు నెలలు, మెలనోమాకు ఆ ఆరు నెలలే సర్వస్వము. ఇప్పుడు క్రిమి జన్యువును గంటలలో పట్టి చూపు ట్రూనాట్ యంత్రములు చిన్న ఆస్పత్రులకును వచ్చియున్నవి; మన దేశముననే తయారైనవి. ఆ పరీక్షలో క్రిమి లేదని వచ్చినప్పుడు, నీడలు గుండ్రముగ క్రిందిభాగములలో ఉన్నప్పుడు, మందులు రెండు నెలలు మ్రింగినను నీడ తగ్గక పెరిగినప్పుడు, చర్మమువంకకు చూపు మరలింపవలెను. మన దేశమున రోగి వైద్యుని గదిలోనికి పోవుటకుముందు చెప్పులు వాకిట విడిచి వచ్చును. అతడు బల్లపై పరుండినప్పుడు ఆ అరికాళ్లు వైద్యుని మోచేతికి జానెడు దూరమున ఉండును. వానిని చూచుటకు యంత్రము అక్కరలేదు, రుసుము అక్కరలేదు; ఐనను చూచువారు అరుదు, ఏలయన రోగి చెప్పినది దగ్గు.

రోగి ఏల చెప్పడు? కుప్పము సంగతి తలచినచో ఇది తెలియును. ఒక ప్రక్క తమిళదేశము, ఒక ప్రక్క కన్నడదేశము. ఊరిలోనే వైద్యకళాశాల ఉన్నను, పెద్దరోగమని తోచినచో ఒకరు బెంగుళూరు కిద్వాయి ఆస్పత్రికి, ఒకరు వేలూరునకు, ఒకరు తిరుపతికి బస్సెక్కుదురు. పుంగనూరు, మదనపల్లె జనుల తీరును ఇదియే. కాలిమచ్చను ఒక ఊర కోయించుకొందురు. కోసిన ముక్క రిపోర్టు వేరొక రాష్ట్రపు భాషలో ముద్రవేసిన కవరులో వచ్చును. కాలు మానినది గనుక ఆ కవరు అటకమీదికి పోవును. రెండేండ్లకు దగ్గు వచ్చి మరియొక ఊరి వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు, "ముందెప్పుడైనా జబ్బు చేసిందా?" అని అడిగినచో, "లేదు సార్, కాలికి ఆనెకాయ కోసినారు, అంతే" అను జవాబు వచ్చును, లేదా అదియు రాదు. ఆ ఒక్క కాగితము రేషనుకార్డుతో పాటు భద్రముగ ఉంచబడియున్నచో ఎన్ని నెలలు కలిసివచ్చును! నిజమునకు, గడ్డను కోసిన వైద్యుడే, ఇది మరల రాగలదు, ఊపిరితిత్తులకు పోగలదు, ఏటేట చూపించుకొనుమని తెలుగున, రోగికి అర్థమగునట్లు చెప్పి పంపవలెను. కోసిన చేయి ఆ మాటను చెప్పకపోవుటను నేను చిన్న లోపముగ ఎంచను.

చికిత్స చరిత్రను తలచినప్పుడు మదనపల్లె పేరు మరల వచ్చును. క్షయ రాకుండ వేయు బీసీజీ టీకాను మన దేశమున 1948లో మొదట ప్రయోగించిన తావులలో మదనపల్లె ఒకటి. 1950 నుండి ఈ చుట్టుపట్ల పల్లెలలో దాని ఫలితమును ఏండ్లతరబడి గమనించిరి. ఆ టీకామందునే అమెరికాలో డోనాల్డ్ మోర్టన్ అను శస్త్రవైద్యుడు మెలనోమా గడ్డలలోనికి నేరుగ సూదితో ఎక్కించి, అవి కరిగిపోవుటను, కొందరిలో సూది పడని గడ్డలును తగ్గుటను 1970లో ప్రకటించెను. లోపలి గడ్డలపై దాని ప్రభావము నిలువలేదు; కాని దేహపు రక్షణశక్తిని మేల్కొలిపినచో ఈ వ్యాధి లొంగునన్న ఆశ అచ్చట బలపడినది. తరువాతి నలువది ఏండ్లు డకార్బజీన్ అను మందే దిక్కుగ ఉండెను. అయిదుగురిలో ఒక్కరికి పనిచేసిన గొప్ప. రక్షణకణములకు పడిన కళ్లెమును విప్పు మందులు 2011లో ఒకటి, 2014లో మరి రెండు రాగా లోకము మారినది. ఆ కళ్లెములను కనుగొనిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో అను ఇరువురికి 2018లో నోబెల్ బహుమానము వచ్చినది. రెండు మందులను కలిపి ఇచ్చిన ముదిరిన మెలనోమా రోగులలో నూటికి 43 మంది పదేండ్లకును జీవించియున్నారని 2024లో తేలినది. ఒకప్పుడు ఏడాది నిండుటయే దుర్లభమైన వ్యాధికి ఇది సామాన్యమా!

కాని ఆ నూటిలో అధికసంఖ్యాకులు తెల్లజాతివారు, వారిది ఎండవలన పుట్టిన వ్యాధి. అరికాలి మెలనోమా ఈ మందులకు అంతగ లొంగదు. పైగా, మేల్కొనిన రక్షణకణములు ఊపిరితిత్తినే కరచుట ఒక కొత్త ఉపద్రవము. గడ్డ పెరిగినదో, నెమ్ము చేసినదో, మందే వాపు పుట్టించినదో తేల్చుట నిపుణులకును చిక్కే; మందు పుట్టించిన వాపైనచో స్టెరాయిడులు ఈయవలెను. లోపల నిద్రించు క్షయ ఈ మందుల కాలమున మేల్కొనుటయు కొందరిలో కనబడినది గనుక, మన సీమవారికి ముందుగనే టీబీ పరీక్ష చేయుట అవసరము. ఖర్చు లక్షలలో ఉండును. ఆరోగ్యశ్రీవంటి పథకములు 2007నుండి శస్త్రచికిత్సకును కీమోథెరపీకిని పేదలను ఆదుకొనినను, ఈ మందుల ధర ఒక సామాన్యకుటుంబపు పొలమును మ్రింగగలది. గడ్డలు ఒకటి రెండే ఉన్నచో కోసివేయుట ఇప్పటికిని మంచి మార్గము. పూర్తిగ తీయగలిగినవారిలో సుమారు అయిదవవంతు అయిదేండ్లు జీవించినట్లు కొత్తమందులకు ముందునాటి లెక్కలు తెలుపుచున్నవి. యాంజియోసార్కోమాకు వారమునకొకమారు ఇచ్చు పాక్లిటాక్సెల్ కొంత మేలుచేయును. ఫ్రాన్సులో 30 మందిపై చేసి 2008లో ప్రకటించిన పరీక్షలో సగముమంది ఎనిమిది నెలలు దాటలేదు.

అన్ని మందులు తీరిన పిమ్మటను ఆయాసము మిగులును. దానికి చేయదగినది ఏమియు లేదనుట తప్పు. స్వల్పమాత్రలో మార్ఫీన్ నొప్పికే కాక ఊపిరాడని బాధకును ఉపశమనమిచ్చును. ఆస్పత్రులకు దానిని తెప్పించుకొనుట సులభమగునట్లు 2014లో చట్టము సవరింపబడినను, జిల్లాలలో అది నిలువయుంచు ఆస్పత్రులు ఇంకను కొలదియే. గాలి మొగమునకు తగులునట్లు విసరుట ఆయాసమును తగ్గించునని ఇటీవలి పరీక్షలు ఋజువుచేసినవి. బుగ్గలపైని, ముక్కుచుట్టును ఉన్న నరములు ఆ చల్లదనమును మెదడునకు తెలుపునట. కరెంటు పోయిన రాత్రి మంచముప్రక్కన కూర్చుండి తాటాకు విసనకర్రతో తండ్రి మొగమునకు విసరు కూతురు ఈ సంగతి చదివియుండదు. చేయి నొచ్చినప్పుడు రెండవచేతికి మార్చుకొని ఆమె విసరుచునే ఉండును. దిండ్లు ఎత్తుగ పేర్చి కూర్చుండబెట్టిన ఆ మనిషి, మాట రాకున్నను, మొగమును గాలివైపునకు త్రిప్పుకొనును.